చెంచాతో తినాల్సి వచ్చిన కుకీలు

మా కోడలు వైద్యుల సలహా మీద ధాన్యాలన్నింటినీ మానేసి కొన్ని నెలలయింది. పాలు, వెన్న, గుడ్లు, తేనె అంతకు చాలా ముందే తన ఇష్టప్రకారం వదిలేసింది. ఇంట్లో కుకీలు కాల్చిన ప్రతిసారీ ఆమె వాసన మాత్రం చూసి, నవ్వి, పక్క గదిలోకి వెళ్లిపోవడం నాకు కష్టంగా తోచేది. ఇరవై ఏళ్లుగా ఓవెన్ ముందు నిలబడిన చేయి నాది. కొలత చూడకుండా పిండి పట్టుకుని, బరువు ఇంత అని చెప్పి, తూకం వేస్తే అంతే తేలిన రోజులున్నాయి. అందుచేత ధాన్యం లేకుండా, పాలూ గుడ్డూ లేకుండా బాదం పిండితో కుకీలు చేసి పెడతానని అందరి ముందూ మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి నాలుగు ట్రేలు, తొమ్మిది రోజులు పట్టాయి. చివరి ట్రే నిన్న సాయంత్రమే ఓవెన్‌లోంచి బయటికి వచ్చింది.

గ్లూటెన్ లేనిదీ ధాన్యం లేనిదీ ఒకటి కావని మొదటి రోజే అర్థమైంది. గ్లూటెన్ అంటే ముద్దను సాగేలా చేసి పట్టి ఉంచే మాంసకృత్తు, అది గోధుమ, బార్లీ, రై అనే మరో ధాన్యం వంటి వాటిలో ఉంటుంది. బియ్యంలో, మొక్కజొన్నలో అది లేదు గానీ, అవి రెండూ ధాన్యాలే. కాబట్టి గ్లూటెన్ లేదన్న ముద్ర చూసి ఏదీ కొనకూడదు.

పిండి నేనే పట్టుకున్నాను. బాదం పప్పులను మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి, చన్నీళ్లలోకి మార్చి, రెండు వేళ్ల మధ్య నొక్కితే పొట్టు దానంతటదే జారిపోయింది. ఒక రాత్రంతా గుడ్డ మీద ఆరబెట్టి మరునాడు మిక్సీలో వేశాను. ఆపి ఆపి తిప్పాలని తెలిసి కూడా, మాటల్లో పడి ఒక విడత కాస్త ఎక్కువసేపు తిప్పినందువల్ల గిన్నె అడుగున పప్పు నూనె వదిలి ముద్ద కట్టింది. దాన్ని వెన్న లాగా వాడుకున్నాం, నష్టం లేదు. మిగిలినదాన్ని జల్లెడ పట్టాను. ఇంతవరకు చెప్పుకోదగిన ఇబ్బంది ఏదీ కలగలేదు.

అసలు కథ పిండి కలిపిన దగ్గర మొదలయింది. మైదాకు బదులుగా బాదం పిండిని అదే కొలతలో వాడుకోవచ్చని ఒక పొట్లం వెనక అచ్చు వేసి ఉండటం నేను చదివాను. ఆ వాక్యం రాసిన మనిషి జీవితంలో ఒక్కసారైనా ఓవెన్ తలుపు తీసి ఉండడని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. నా పాత లెక్క ప్రకారం 200 గ్రాముల మైదాకు 100 గ్రాముల వెన్న పడుతుంది. వెన్న స్థానంలో కొబ్బరి నూనె, మైదా స్థానంలో బాదం పిండి వేసి, అలవాటుగా 180 డిగ్రీల వద్ద ఓవెన్‌లో పెట్టాను. ఎనిమిది నిమిషాలకు అద్దంలోంచి చూస్తే, వరుసగా పెట్టిన పన్నెండు ఉండలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ట్రే అంతా ఒకే పలకగా పరుచుకుని, అంచుల వెంబడి నూనె సన్నగా బుడగలు కడుతోంది. అడుగు నల్లబడింది, మధ్య భాగం ఇంకా పచ్చిగానే ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ రాత్రి కాగితం మీద లెక్క వేస్తే గాని తెలియలేదు. బాదం బరువులో దాదాపు సగం నూనే. అంటే 200 గ్రాముల పిండిలో 100 గ్రాముల నూనె ముందే దాగి ఉండగా, నేను దానికి మరో 100 గ్రాములు జోడించాను. పైగా వెన్నలో కొంత భాగం నీరు ఉంటుంది, కొబ్బరి నూనె మాత్రం పూర్తిగా నూనే. ట్రే మీద తేలింది కుకీల నూనె కాదు, నా అతివిశ్వాసం.

రెండోసారి నూనెను 40 గ్రాములకు తగ్గించాను, వేడిని 165 డిగ్రీలకు దించాను. ఈసారి పరుచుకోలేదు. గుండ్రంగా, అంచు బంగారు రంగులో, చూడటానికి ఎంతో ముచ్చటగా వచ్చాయి. అంతకన్నా ముచ్చటైన పని ఏమిటంటే, అవి చల్లారకముందే ఇంటిల్లిపాదినీ వంటగదికి పిలిచాను. పలుచటి గరిటె కుకీ అడుగున దూర్చి పైకెత్తగానే, అది గాలిలోనే మూడు ముక్కలై, ఆ ముక్కలు ట్రే మీద పడి పొడి అయ్యాయి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోదాన్ని చేత్తో తీయబోతే వేళ్ల మధ్య తడి ఇసుకలా రాలిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. మా అబ్బాయి గోడ వైపు చూశాడు. మా కోడలు మాత్రం మెల్లగా సొరుగు తెరిచి, ఒక చిన్న చెంచా తీసుకుని, నా పక్కన నిలబడి ఆ పొడిని ట్రే మీంచే తిని, "రుచి చాలా బాగుంది అత్తయ్యా" అంది. అంత మర్యాదగా నన్ను ఓడించినవాళ్లు ఇంతవరకు లేరు. చెంచాతో తినే కుకీ ఇరవై ఏళ్లలో నా చేతి మీదుగా రాలేదు.

ఆ మర్నాడు ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి ఒక పని చేశాను. రెండు చిన్న గిన్నెలలో అరకప్పు చొప్పున నీళ్లు పోసి, ఒకదానిలో ఒక చెంచా మైదా, రెండోదానిలో ఒక చెంచా బాదం పిండి కలిపి, రెంటినీ సన్నని సెగ మీద పెట్టాను. మైదా నీళ్లు క్రమంగా చిక్కబడి కాగితాలు అంటించే జిగురులా మారాయి, చెంచా తిప్పితే వెనక చార మిగిలింది. బాదం నీళ్లు పాలలా తెల్లబడ్డాయి తప్ప చిక్కబడలేదు. పొయ్యి ఆపి కాసేపు వదిలేస్తే, పలుకులన్నీ అడుక్కి చేరి పైన పలుచటి పాలు తేరుకున్నాయి. ఆ రెండు గిన్నెల వంక చాలాసేపు చూశాను. పేరులో పిండి అని ఉన్నంత మాత్రాన అది పిండిలా ప్రవర్తించాలని నేను ఆశించడమే పొరపాటు. మైదాలో తడి తగలగానే సాగే గ్లూటెన్ ఉంది, వేడికి ఉబ్బి బిగుసుకునే పిండిపదార్థం ఉంది. బాదంలో గ్లూటెన్ లేదు, పిండిపదార్థం నామమాత్రం. అది మెత్తగా నూరిన గింజ, అంతే. గుడ్డు ఉంటే ఆ పలుకులను ఎలాగో పట్టి ఉంచేది, నేను దాన్ని కూడా తీసేశాను. పట్టి ఉంచే వస్తువు ఒక్కటి కూడా లేని ముద్దను కాల్చి, అది విరిగిపోయిందని బాధపడ్డాను.

ఇక కావలసింది రెండు పట్లు. మొదటిది అవిసె గింజలు. వాటి పై పొరలో ఉండే జిగురు నీళ్లలో ఊరి గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. ఒక పెద్ద చెంచా పొడికి మూడు పెద్ద చెంచాల నీళ్లు కలిపి పది నిమిషాలు కదల్చకుండా ఉంచాలి. ఈ పది నిమిషాల దగ్గర చాలామంది తొందరపడతారు, నేనూ పడ్డాను. కలిపిన వెంటనే పిండిలో పోస్తే అది కేవలం నీళ్లు పోసినట్టే, ముద్ద పలుచబడుతుంది తప్ప పట్టు రాదు. గిన్నె వంచితే ఒకే ముద్దగా జారాలి, అప్పుడే వాడాలి. గింజలను పొడి చేయకుండా వేస్తే జిగురు ముద్దలో సరిగా కలవదు, కాబట్టి మిక్సీకి బద్ధకించవద్దు.

రెండోది సగ్గుబియ్యం పిండి. ఈ మాట వినగానే మా అబ్బాయి "అమ్మా, బియ్యం కూడా ధాన్యమే కదా" అని నాకు పాఠం చెప్పబోయాడు. పేరులో బియ్యం ఉంది గానీ, అది కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండిపదార్థమని వాడికి నిదానంగా వివరించిన ఆ రెండు నిమిషాలూ ఈ తొమ్మిది రోజుల్లో నాకు కలిగిన అతి పెద్ద సంతోషాలలో ఒకటి. పాలగుండ (ఆరోరూట్) పిండి దొరికితే అదీ పనికి వస్తుంది. 200 గ్రాముల బాదం పిండికి 30 గ్రాములు చాలు, ఎక్కువైతే కుకీ నమలడానికి రబ్బరులా ఉంటుంది.

పట్టు ఎంత కుదిరినా, ఓవెన్‌లోంచి తీసిన వెంటనే ముట్టుకుంటే ఇవి విరుగుతాయి. వేడిగా ఉన్నప్పుడు లోపల పాకంలా కరిగిన చక్కెర ద్రవంగానే ఉంటుంది, చల్లారాకే బిగుసుకుంటుంది. మైదా కుకీలను వేడి మీదే తీసే అలవాటు చేతికి ఉన్నవాళ్లు ట్రేను వంటగది బయట పెట్టి తలుపు వేసుకోవడం మంచిది. కనీసం పదిహేను నిమిషాలు ఆగాలి. నేను గడియారం ముందు కూర్చున్నాను.

అలా వచ్చిన మూడో ట్రే నిలబడింది. చేత్తో ఎత్తితే ఎత్తినట్టే వచ్చాయి. పళ్లెంలో పేర్చి, కొంచెం గర్వంగానే, కోడలి ముందు పెట్టాను. ఆమె ఒకటి చేతిలోకి తీసుకుని, నోటి దాకా తీసుకెళ్లి ఆగి, "ఇందులో బేకింగ్ పౌడర్ వేశారా అత్తయ్యా? ఆ డబ్బా ఒకసారి చూడనా?" అని అడిగింది. డబ్బా తెచ్చి ఇచ్చాను. కళ్లద్దాలు లేకుండా నేను చదవలేనంత చిన్న అక్షరాలలో, మూడో పదార్థంగా, మొక్కజొన్న పిండి అని ఉంది. బేకింగ్ పౌడర్ అంటే సోడా, ఒక ఆమ్ల లవణం, ఆ రెండూ డబ్బాలోనే తడిసి పొంగకుండా పొడిగా ఉంచే పిండిపదార్థం. ఆ మూడోది చాలా డబ్బాలలో మొక్కజొన్నదే. తినేవాళ్ల ఆరోగ్యం ఆధారపడే మాటను గోరంత అక్షరాలలో, తమ పేరును మాత్రం అరచేయంత అక్షరాలలో అచ్చు వేసే కంపెనీలకు సిగ్గు లేదు. ఆ పదహారు కుకీలూ మిగతావాళ్లం తిన్నాం, చాలా బాగున్నాయి, నా గొంతు మాత్రం దిగలేదు. అప్పటి నుంచి అలమారలోని ప్రతి డబ్బానూ భూతద్దం పెట్టి చదివాను. పొడి చక్కెర పొట్లంలోనూ మొక్కజొన్న పిండే కనిపించింది. చేదు చాక్లెట్ అని రాసి ఉన్న బిళ్లలో పాలపొడి కనిపించింది.

నాలుగోసారికి వంటసోడా, నిమ్మరసం వాడాను. పావు టీ చెంచా సోడాకు ఒక పెద్ద చెంచా నిమ్మరసం పట్టింది, అవిసె పొడిలో పోసే నీళ్లలోంచి ఒక పెద్ద చెంచాడు ఆ మేరకు తగ్గించాను. పులుపు చాలకపోతే సోడా సబ్బు రుచి ఇస్తుంది, కాబట్టి పిసినారితనం వద్దు. మొత్తం మీద 200 గ్రాముల బాదం పిండి, 30 గ్రాముల సగ్గుబియ్యం పిండి, 70 గ్రాముల చక్కెర, 40 గ్రాముల కొబ్బరి నూనె, ఒక పెద్ద చెంచా అవిసె పొడి, చిటికెడు ఉప్పు. ఇవన్నీ తూకం మీదే వేయాలి. కప్పులతో చెప్పేవాళ్ల మాట వినకండి, కప్పు బాదం పిండి కప్పు మైదా కంటే తేలిక, నొక్కి నింపితే ఆ లెక్క కూడా తప్పుతుంది. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది గనుక, కలిపిన ముద్దను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, ఆ తర్వాతే ఉండలు చేసి అరచేతితో అదిమాను. ఈ ఉండలు వాటంతట అవి పరుచుకోవు, మీరు ఎంత మందాన అదిమితే అంతే మందాన కాలుతాయి. 165 డిగ్రీల వద్ద పన్నెండు నిమిషాలు చాలాయి. అంచు రంగు తిరగగానే తీసేయాలి, మధ్య భాగం మెత్తగా ఉందని మళ్లీ లోపల పెడితే అడుగు మాడుతుంది.

నిన్న సాయంత్రం పదిహేను నిమిషాలూ పూర్తయ్యాక కోడల్ని పిలిచాను. ఈసారి డబ్బాలన్నింటినీ ముందే బల్ల మీద వరుసగా పేర్చి ఉంచాను. ఆమె ఒక్కొక్కటీ చదివి, తల ఊపి, కుకీని రెండు చేతులతో పట్టుకుని విరిచింది. చిన్న చప్పుడుతో సరిగ్గా రెండు ముక్కలయింది, బల్ల మీద నాలుగైదు పలుకులు రాలాయి. ఒక ముక్క తను తింది, రెండోది నాకు ఇచ్చింది. తర్వాత జీడిపప్పు పిండితో కూడా ఇలాగే కుదురుతుందా అని అడిగింది. జీడిపప్పులో పిండిపదార్థం బాదం కంటే ఎక్కువ గనుక సగ్గుబియ్యం పిండిని తగ్గించాల్సి రావచ్చు. ఆ రెండు గిన్నెలనూ మళ్లీ పొయ్యి మీద పెట్టి చూశాకే జవాబు చెబుతానన్నాను.