వేటకు వెళ్లే ముందు గొట్టం మీద రాసింది చదవండి

టెక్సస్‌లో సెప్టెంబర్ వస్తే పావురాల సీజన్, నవంబర్ వస్తే జింకల సీజన్, అడవి పందులకైతే ఏడాది పొడుగునా సీజనే. ఈ మధ్య ఇక్కడున్న మన తెలుగువాళ్లు కూడా బాగానే వెళ్తున్నారు. నలుగురైదుగురు కలిసి ఏదో రాంచ్‌కి, అంటే పెద్ద పశువుల క్షేత్రానికి, డబ్బు కట్టి, ఒక రాత్రి అక్కడే ఉండి, పొద్దున్నే గ్రూపులో ఫోటోలు పెడతారు. వెంటనే కింద ప్రశ్నలు మొదలు: అన్నా నేనూ వస్తా, ఏ గన్ కొనాలి? ఏ గన్ అన్నది చివర్లో అడగాల్సిన ప్రశ్న. అంతకు ముందు తెలియాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో మొదటిది అసలు గన్‌కి సంబంధించింది కూడా కాదు.

అది వీసా. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. దానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, మనలాంటి వాళ్లకి పనికొచ్చేది ఒకటే: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు. గన్ కొనేటప్పుడు దుకాణంలో నింపే 4473 అనే ఫెడరల్ ఫారంలో ఈ ప్రశ్న సూటిగా అడుగుతారు, అబద్ధం రాస్తే అది ఇంకో నేరం. ఇక్కడ టెక్సస్‌లో ఒక చిక్కు ఉంది. 2019 నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే అడవి పందుల వేటకి రాష్ట్రం లైసెన్సు అడగదు. రాంచ్ వాళ్లు "లైసెన్సు అక్కర్లేదు, వచ్చేయండి" అంటారు. వాళ్లు చెప్పింది వాళ్ల వరకు నిజమే. హెచ్1బీ మీద ఉన్న మీకు మాత్రం ఆ లైసెన్సు పంది కోసం కాదు, తుపాకీ పట్టుకోవడం కోసం కావాలి. పైగా ఇక్కడి వార్షిక లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది, ఎప్పుడు కొన్నా సరే. కొత్తది తీసుకోకుండా సెప్టెంబర్‌లోకి అడుగుపెడితే అల్మారాలో ఉన్న గన్ మీకు చట్టపరమైన టెన్షన్ అవుతుంది. మీ కేసులో అనుమానం ఉంటే లాయర్ని అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు.

తర్వాత హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి టెక్సస్‌లో ఇది తప్పనిసరి. పదిహేడేళ్లు నిండినవాళ్లు మొత్తం ఆన్‌లైన్‌లో చేసేయొచ్చు. నా మాట వింటే ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ తెచ్చుకుని ఊరుకోకండి, ఎవరైనా ఇన్‌స్ట్రక్టర్ ముందు నిజం గన్ చేత్తో పట్టుకుని నేర్చుకునే క్లాసుకి ఒక్కసారైనా వెళ్లండి. మనం పెరిగిన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట దాదాపు లేదు, తుపాకీని దగ్గర్నుంచి చూసింది బ్యాంకు గార్డు భుజం మీదే. మిగతాదంతా సినిమా. సినిమాలో హీరో వేలు ఎప్పుడూ ట్రిగ్గర్ మీదే ఉంటుంది, మాట్లాడేటప్పుడు కూడా. మన చేతులకి తెలియకుండానే అబ్బిన అలవాటు అది, ముందు వదిలించుకోవాల్సిందీ అదే.

ఇక తుపాకీ. కర్రతోనో ప్లాస్టిక్‌తోనో చేసి భుజానికి ఆనించేది స్టాక్. ముందుకి ఉండే గొట్టం బ్యారెల్, దాని ముందు చివర మజిల్, వెనక చివర తూటా కూర్చునే చోటు ఛాంబర్. తూటాని ఛాంబర్‌లోకి తోసి, మూసి, పేలాక ఖాళీ కేసుని (తూటా తొడుగుని) బయటికి లాగే యంత్రాంగం మొత్తాన్ని యాక్షన్ అంటారు. కొత్తవాళ్లు బాగా అర్థం చేసుకోవాల్సింది ఈ యాక్షన్‌నే, ఎందుకంటే గన్ ఖాళీగా ఉందో లేదో తెలిసేది దాన్ని తెరిచి చూస్తేనే. బోల్ట్ యాక్షన్‌లో పిడి పైకెత్తి వెనక్కి లాగితే ఛాంబర్ కనిపిస్తుంది. బ్రేక్ యాక్షన్ అయితే మధ్యలోకి విరిచినట్టు తెరుచుకుంటుంది, తెరిచి ఉన్నది పేలదని పది అడుగుల దూరం నుంచి కూడా తెలుస్తుంది. లివర్, పంప్ రకాలూ ఉన్నాయి. సెమీ ఆటోమేటిక్‌లో ఒక తూటా పేలగానే ఇంకోటి దానంతటదే వచ్చి కూర్చుంటుంది, అందుకే మొదటి గన్‌గా దాన్ని నేను ఎవరికీ చెప్పను. రైఫిల్ (ఒక్క గుండు పేల్చేది) కావాలంటే బోల్ట్, షాట్‌గన్ (చిన్న గుళ్ల గుంపు పేల్చేది) కావాలంటే బ్రేక్ యాక్షన్. వేగం తక్కువే, కానీ ప్రతి తూటాకీ మీ చెయ్యి కదలాలి, ఆ కాస్త సమయంలో బుర్ర కూడా పని చేస్తుంది.

"మ్యాగజైన్ తీసేశా, ఖాళీయే" అనే మాట ఎవరి నోట విన్నా ఒక అడుగు వెనక్కి వేయండి. మ్యాగజైన్ అంటే తూటాలు వరసగా నింపి గన్‌కి తగిలించే డబ్బా, అది తీసినా ఛాంబర్‌లో ఒకటి ఉండిపోవచ్చు. ముందు మజిల్‌ని ఎవరూ లేని వైపు తిప్పాలి, తర్వాత మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే యాక్షన్ తెరిచి ఛాంబర్‌లోది బయటికి తీసి, కంటితో చూసి, చీకటైతే వేలు పెట్టి కూడా చూడాలి. ఈ వరస తిరగబడితే, అంటే మ్యాగజైన్ లోపలే ఉండగా యాక్షన్ లాగి వదిలితే, ఒకటి బయట పడుతుంది, ఇంకోటి లోపలికి వెళ్లి కూర్చుంటుంది. ఖాళీ చేశాననుకున్న గన్ నిండే ఉంటుంది. సేఫ్టీ మీట మీద భరోసా పెట్టుకునేవాళ్లూ ఉంటారు. అదీ ఒక యంత్ర భాగమే, అరుగుతుంది, జారుతుంది. దాన్ని వాడాలి, నమ్మకూడదు.

తూటా విషయానికొస్తే, రైఫిల్ తూటాలో నాలుగు ఉంటాయి: కేస్, నిప్పు రాజేసే ప్రైమర్, తుపాకీ మందు, ముందు ఉండే బుల్లెట్. ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ అనే చిన్న మొన వచ్చి ప్రైమర్‌ని కొడుతుంది, నిప్పు మందుకి అంటుకుంటుంది, ఆ వాయువు బుల్లెట్‌ని తోస్తుంది. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉంటాయి, వాటివల్ల బుల్లెట్ గిరగిరా తిరుగుతూ సూటిగా పోతుంది. షాట్‌గన్ గొట్టం మామూలుగా లోపల నున్నగా ఉంటుంది, అందులోంచి చిన్న గుళ్ల గుంపు విచ్చుకుంటూ పోతుంది. ప్రైమర్ మందు కేసు అడుగు అంచులోనే ఉంటే రిమ్‌ఫైర్, మధ్యలో విడిగా ఉంటే సెంటర్‌ఫైర్. తూటా సైజులకి .22, .30-06 లాంటి పేర్లుంటాయి. .22 రిమ్‌ఫైర్ చిన్నదే, చవకే, షూటింగ్ రేంజ్‌లో నేర్చుకోవడానికి అంతకన్నా మంచిది లేదు, కానీ టెక్సస్‌లో జింకల మీద రిమ్‌ఫైర్ వాడకూడదు. చిన్నదని తేలిగ్గా తీసుకోవద్దు, ఆ .22 గుండు కూడా మైలు పైనే పోగలదు. .30-06 లాంటిదైతే రెండు మైళ్లు దాటి పోతుంది. మీకు కనిపించే దూరం కన్నా గుండు పోయే దూరం ఎప్పుడూ ఎక్కువే.

షాట్‌గన్ గేజ్ లెక్క తమాషాగా ఉంటుంది. గొట్టం లోపలి వెడల్పుకి సరిపోయే సీసపు గుండ్లు ఎన్ని కలిస్తే ఒక పౌండు బరువు తూగుతాయో అదే గేజ్. పన్నెండు తూగితే 12 గేజ్, ఇరవై తూగితే 20 గేజ్. అందుకే అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. ఇది పరీక్ష కోసం చెప్పడం లేదు. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ గన్‌లో పడితే అది ఛాంబర్‌లో ఆగదు, ముందుకి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. ఛాంబర్ ఖాళీగా కనిపిస్తుంది కాబట్టి వెనకాల 12 గేజ్ తూటా పెడతారు, పేలుస్తారు, గొట్టం చేతుల్లోనే చీలిపోతుంది. 20 గేజ్ తూటాలని పసుపు రంగులో చేసేది ఈ ప్రమాదం వల్లే. జేబులో రెండు సైజులు ఎప్పుడూ కలపకండి. పొడవు కూడా చూడాలి: మూడు అంగుళాల తూటా రెండుముప్పావు అంగుళాల ఛాంబర్‌లోకి దూరిపోతుంది, పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి మాత్రం చోటుండదు. రైఫిళ్లలో కూడా ఇలాంటిదే ఉంది. .300 బ్లాకవుట్ తూటా .223 గన్‌లోకి కొన్నిసార్లు దూరుతుంది, పేలిందంటే గన్ ముక్కలవుతుంది. దూరింది కదా అని సరిపోయినట్టు కాదు. గొట్టం మీద చెక్కిన అక్షరాలు, తూటా అడుగున ఉన్న అక్షరాలు, డబ్బా మీదవి, మూడూ ఒకటే చెప్పాలి. మెడికల్ షాపులో మందు మీద పేరు చూసి తీసుకుంటాం కదా, ఆ మాత్రం శ్రద్ధ చాలు.

ట్రిగ్గర్ నొక్కితే టిక్ మని ఆగిపోయిందా, వెంటనే తెరవకండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. మజిల్ అలాగే సురక్షితమైన వైపు ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగండి. టప్ మని బలహీనంగా పేలి, భుజానికి దెబ్బ సరిగా తగల్లేదా, ఇంకో తూటా పెట్టొద్దు. గుండు గొట్టంలోనే ఉండిపోయి ఉండొచ్చు.

రాంచ్‌లో అసలు ఇబ్బంది మనుషులతో. కంచె దాటేటప్పుడు, చెట్టు మీద కాచుకుని కూర్చునే స్టాండ్ ఎక్కేటప్పుడు, బండి ఎక్కేటప్పుడు గన్ ఖాళీ చేయాలి. స్టాండ్ మీదికి గన్‌ని తాడు కట్టి పైకి లాక్కోవాలి, చేత్తో పట్టుకుని ఎక్కకూడదు. ముగ్గురు పక్కపక్కన నడుస్తుంటే ఎవరు ఏ దిక్కు కాలుస్తారో ముందే మాట్లాడుకోవాలి, పిట్ట పక్కవాడి వైపు ఎగిరితే వదిలేయాలి. పొదలో ఏముందో చూడ్డానికి స్కోప్ (గన్ మీద బిగించే దుర్భిణి) వాడొద్దు, స్కోప్ తిప్పితే మజిల్ కూడా తిరుగుతుంది. ఆ పొదలో ఉన్నది మనిషైతే? బైనాక్యులర్ కొనండి. రాత్రి పందుల వేటలో థర్మల్ స్కోప్‌లో కనిపించేది వేడి ఆకారమే, దూడ కూడా అలాగే కనిపిస్తుంది. పోల్చుకోలేకపోతే కాల్చొద్దు. వెనక మట్టి గట్టు లేకుండా ఆకాశం కనిపిస్తుంటే, అప్పుడూ కాల్చొద్దు. ప్రజా భూముల్లో నాలుగు వందల చదరపు అంగుళాల నారింజ రంగు ఒంటి మీద ఉండాలని టెక్సస్ నిబంధన. ప్రైవేటు రాంచ్‌లో అడగరు, నేను అక్కడా వేసుకుంటాను, ఫోటోలో బాగోదని ఎవరేమన్నా సరే. తుపాకీ మోత నూట నలభై డెసిబెల్స్ దాటుతుంది, చెవులకి మఫ్స్, కళ్లకి అద్దాలు లేకుండా ఒక్క తూటా కూడా వద్దు. బీరు సంగతి మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి: గన్లన్నీ ఖాళీ చేసి తాళం వేశాకే మూత తీయండి, అంతకు ముందు ఒక్క గుక్క కూడా కాదు.

ఇంట్లో గన్‌కి ఒక తాళం, తూటాలకి వేరే చోట ఇంకో తాళం. పిల్లలున్నా లేకున్నా. మీకు పిల్లలు లేకపోయినా మీ ఇంటికి వచ్చే కుటుంబాలకి ఉంటారు.

చివరిగా ఇండియా ప్రయాణం. వేటకి తీసుకెళ్లిన బ్యాక్‌ప్యాక్‌నే హైదరాబాద్ ఫ్లైట్‌కి తీసుకెళ్లొద్దు. పక్క జిప్‌లో మర్చిపోయిన ఒక్క తూటా స్కానింగ్‌లో కనిపిస్తే మన దగ్గర ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలిసి దగ్గర పెట్టుకున్నారా, తెలియకా అన్నది కోర్టులు చూస్తాయి, కానీ అది తేలేలోపు మీ సెలవులన్నీ స్టేషన్‌కీ లాయర్ ఆఫీసుకీ మధ్య అయిపోతాయి. వేట సామాన్లకి ఒక సంచి, ఒక జాకెట్ విడిగా పెట్టుకుని గ్యారేజీలోనే ఉంచండి.