బొమ్మ పక్కన మూడక్షరాలు

ప్యారిస్‌లో ట్విలరీ తోట ఒక చివర, కాంకోర్డ్ కూడలిని ఆనుకుని పొడవాటి రాతి భవనం ఒకటి ఉంది. పేరు జ్యూ ద పోమ్. ఇప్పుడందులో ఫోటో ప్రదర్శనలు పెడుతున్నారు. నేను వెళ్ళింది లోపలి ప్రదర్శన కోసం కాదు, బయటి గోడకున్న ఫలకం కోసం. దాని మీద రోజ్ వాలాన్ పేరు ఉంది.

1940 చివరి నుంచి 1944 ఆగస్టు దాకా ఈ భవనం నాజీల గోడౌన్. ఫ్రాన్సులో యూదుల ఇళ్ళ నుంచి, గ్యాలరీల నుంచి, బ్యాంకు లాకర్ల నుంచి దోచిన బొమ్మలు, కళావస్తువులు ఇక్కడికి తెచ్చి, నంబర్లు వేసి, ఫోటోలు తీసి, పెట్టెల్లో సర్ది జర్మనీకి పంపేవారు. 200కు పైగా సేకరణల నుంచి వచ్చిన సుమారు 22,000 వస్తువులు ఈ గుమ్మం దాటాయి. తనకు నచ్చినవి ఏరుకోవడానికి నాజీ అగ్రనేత గోరింగ్ దాదాపు 20 సార్లు వచ్చాడు. వాలాన్ ఆ మ్యూజియం ఉద్యోగి. ఆవిడకు జర్మన్ అర్థమవుతుందని వాళ్ళకు తెలియదు. నోరు మెదపకుండా తన పని తాను చేసుకుంటున్నట్టే ఉంటూ, ఏది ఎవరింటిదో, ఏ ఊరికి పోతోందో నాలుగేళ్ళ పాటు గుట్టుగా రాసి పెట్టింది. దొరికితే ప్రాణం పోయేదే. 1945లో అమెరికన్ సైనికులు బవేరియాలోని నాయ్‌ష్వాన్‌స్టైన్ కోటలో గుట్టలుగా ఉన్న ఫ్రాన్సు సొత్తును కనుక్కున్నారంటే, దారి చూపింది ఆవిడ ఇచ్చిన వివరాలే. ఆ ఫలకం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఆవిడ చేతిలో తుపాకీ లేదు, పక్కన సైన్యం లేదు. కాగితం, పెన్సిలు, జ్ఞాపకశక్తి, అంతే.

అక్కడి నుంచి నడిచి లా బొయెతి వీధికి వెళ్ళాను. 21వ నంబరు ఇల్లు ఒకప్పుడు పాల్ రోజెన్‌బర్గ్ గ్యాలరీ. పికాసో, బ్రాక్, మతీస్‌ల పెయింటింగులు అమ్మిన వ్యాపారి ఆయన. 1940 జూన్‌లో కుటుంబంతో దేశం విడిచి అమెరికా చేరాడు. ఆ మరుసటి ఏడే ఆయన ఇంట్లోనే యూదు ద్వేషాన్ని ప్రచారం చేసే సంస్థను తెరిచారు. సరుకు దోచుకోవడం ఒక ఎత్తు, ఆ మనిషి కట్టుకున్న గోడల మధ్య కూర్చుని అతని జాతి మీదే విషం కక్కడం ఇంకో ఎత్తు. నాకు ఈ రెండోదే ఎక్కువ కడుపు మండించింది. 1944 ఆగస్టులో జర్మన్లు 148 పెట్టెల బొమ్మలను చివరి రైలుకెక్కించారు. వాలాన్ కబురు అందించడంతో రైల్వేవాళ్ళు దాన్ని ప్యారిస్ శివార్లు దాటనివ్వకుండా ఆలస్యం చేశారు. ఆ రైలును పట్టుకున్న ఫ్రెంచ్ దళంలో రోజెన్‌బర్గ్ కొడుకు అలెగ్జాండర్ ఉన్నాడు. తలుపు తీసి చూస్తే, తన ఇంటి గోడల మీద చూసిన బొమ్మలు!

అందరికీ అలాంటి అదృష్టం లేదు. ఫ్రాన్సు నుంచి పోయినవాటిలో యుద్ధం తర్వాత సుమారు 60,000 వస్తువులు తిరిగొచ్చాయి. వాటిలో 45,000 దాకా యజమానులకో వారసులకో చేరాయి. మిగిలినవాటిలో చాలావరకు ప్రభుత్వం అమ్మేసి, దాదాపు 2,200 వస్తువులను మ్యూజియాలకు అప్పగించింది. వాటికే ఎం.ఎన్.ఆర్. అని పేరు, 'జాతీయ మ్యూజియాలు, తిరిగి రాబట్టినవి' అనే అర్థమిచ్చే ఫ్రెంచ్ మాటల మొదటి అక్షరాలవి. అన్నీ దోచినవే కావు, జర్మన్లకు ఇష్టపడి అమ్మినవీ అందులో ఉన్నాయి. ఏది ఏదో తేల్చడమే అసలు పని. మన దగ్గర పొలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు చూసినట్టే ఇక్కడా చూస్తారు. 1933 నుంచి 1945 వరకు బొమ్మ ఎవరి చేతుల్లో ఉందన్నది తెగకుండా రావాలి. అందుకోసం ముందు బొమ్మను వెనక్కి తిప్పుతారు. అలాంటి వెనక వైపు ఫోటోలు నేను కొన్ని చూశాను. నల్లబడిన చెక్క చట్రం, సగం చిరిగిన గ్యాలరీ చీటీ, నీలం సుద్దతో వేలం నంబరు, కస్టమ్స్ ముద్ర. నాజీలు ఒక్కో కుటుంబానికి ఒక్కో గుర్తు పెట్టుకున్నారు. రోత్‌షీల్డ్ సొత్తయితే 'ఆర్', పక్కన వరస సంఖ్య. దొంగలు రాసుకున్న పద్దే ఇవాళ వారసులకు సాక్ష్యం.

లూవ్ర్ మ్యూజియంలో 2017 చివర్లో ఇలాంటి 31 పెయింటింగులను రెండు చిన్న గదుల్లో పెట్టారు. దాని వెనకున్న ఆలోచన ఏమిటంటే, హక్కుదారులు వచ్చి అడిగితే ఇచ్చేద్దామని. అడగాల్సినవాళ్ళు ఎక్కడున్నారు? ఫ్రాన్సు నుంచి దాదాపు 76,000 మంది యూదులను రైళ్ళెక్కించి నాజీ శిబిరాలకు పంపేశారు, తిరిగొచ్చింది కొద్దిమందే. 1950ల నుంచి నలభై ఏళ్ళ పాటు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే వాపసు ఇచ్చారంటే ఆశ్చర్యం ఏముంది?

ప్యారిస్‌లోనే ఉన్న ఓర్సే మ్యూజియంలో ఆస్ట్రియా చిత్రకారుడు క్లిమ్ట్ వేసిన గులాబీల చిత్రం నేను చూడలేకపోయాను. చూడలేకపోవడమే మంచిదయింది. వియన్నాలో నోరా స్టియాస్నీ అనే యూదు మహిళ 1938లో దాన్ని అతి తక్కువ ధరకు అమ్ముకోవలసి వచ్చింది. 1942లో ఆమెను పోలండ్‌కు తరలించి చంపేశారు. ఫ్రాన్సు 1980లో ఆ చిత్రాన్ని చరిత్ర తెలియకుండానే కొంది. మధ్యలో 2001లో ఆస్ట్రియా పొరపాటున క్లిమ్ట్ వేసిన వేరే చెట్టు బొమ్మను ఆ కుటుంబానికి ఇచ్చేసింది. రెండిటినీ వేరు చేసి, నిజం తేల్చడానికి పరిశోధకులకు ఏళ్ళు పట్టింది. అప్పట్లో ఫ్రెంచ్ ప్రభుత్వ మ్యూజియాల్లో ఉన్న ఒకే ఒక్క క్లిమ్ట్ పెయింటింగ్ అది. 2022లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి మరీ వారసులకు అప్పగించింది. ప్రతిసారీ చట్టం చేసే పని లేకుండా 2023లో ఇంకో చట్టం తెచ్చారు. వెతికే ఖర్చు మాత్రం వారసుల నెత్తిన పడకూడదు. ఇన్నేళ్ళు గోడకు తగిలించుకున్నవాళ్ళే భరించాలని నేను గట్టిగా నమ్ముతాను.

ప్యారిస్ వెళ్ళేవాళ్ళు ఎలాగూ మోనాలిసా దగ్గర ఆగుతారు. వీలైతే అదే లూవ్ర్‌లో రిషెల్యూ విభాగం రెండో అంతస్తుకు కూడా వెళ్ళండి. బొమ్మ పక్కన చీటీలో ఎం.ఎన్.ఆర్. అని, దాని వెంట ఒక నంబరు కనిపిస్తుంది. ఆ నంబరు కొట్టి ఫోన్‌లో ఇంటర్నెట్‌లో వెతకండి. ఫ్రెంచ్ సాంస్కృతిక శాఖ డేటాబేస్‌లో, ఆ బొమ్మ ఎవరెవరి చేతులు మారిందో తెలిసినంతవరకు రాసి ఉంటుంది.