శ్రీశైలానికి ఈశాన్యంలో, స్వగృహే

వినాయక చవితి పూజలో సంకల్పం దగ్గరకు వచ్చేసరికి చాలా ఇళ్లలో చదివేవారి గొంతు పరుగందుకుంటుంది. ఉండ్రాళ్లు చల్లారుతుంటాయి, పిల్లలకు కథ ఎప్పుడు మొదలవుతుందా అని ఉంటుంది. పుస్తకంలో ఏ నదుల పేర్లు అచ్చయి ఉంటే ఆ నదుల మధ్యే మనమంతా ఉన్నట్టు చదివేస్తాం. పర్లాకిమిడిలోని మా ఇంట్లో మాత్రం పూజ సరిగ్గా అక్కడే నెమ్మదించేది. తాతగారు కళ్లజోడు తుడుచుకుని, పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి జరిపి, ఒక్కొక్క మాటా విడివిడిగా పలికేవారు.

ఆ వ్రతకల్పం బెజవాడలో అచ్చయింది. అందులో ‘శ్రీశైలస్య ఈశాన్యప్రదేశే, కృష్ణాగోదావర్యోర్మధ్యదేశే’ అని ఉంది. తాతగారు ‘కృష్ణా’ మీద పెన్సిల్‌తో గీత కొట్టి పైన ‘గంగా’ అని రాసుకున్నారు. మన పర్లాకిమిడి గోదావరికి ఉత్తరాన ఉన్న ఊరు కదా. ఆయన వృత్తి సివిల్ ఇంజనీరింగ్. నేల ఎత్తుపల్లాల లెవెల్ తీయాలంటే ముందు బెంచ్ మార్కు, అంటే ఎత్తు ముందే తెలిసిన ఒక గుర్తు, కావాలనీ, తెలుగువాడి సంకల్పానికి శ్రీశైలమే బెంచ్ మార్కనీ చెప్పేవారు. చిన్నప్పుడు ఒకసారి, దేవుడికి మన ఊరు తెలియదా, ఇదంతా ఎందుకు చెప్పడం అని అడిగాను. “నువ్వు ఎక్కడ నిలబడ్డావో నీకే తెలియకపోతే ఆయన్ని ఎక్కడికి రమ్మంటావు?” అన్నారు.

తాతగారు పుట్టింది 1931లో, ప్రజోత్పత్తి సంవత్సరంలో. నౌపడా నుంచి వచ్చే చిన్న రైలు పర్లాకిమిడి దాటి గుణుపురం దాకా సాగింది కూడా ఆ ఏడే. అప్పటికి ఊరు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. ఆయనకు అయిదో ఏడు నడుస్తుండగా, మా ఇల్లు గడప కదలకుండానే మరో రాష్ట్రంలోకి వెళ్లింది. మహేంద్రతనయ నదికి అవతల, కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. బడి భాష మారింది, కాగితాలు మారాయి, చుట్టరికాలు సరిహద్దుకు రెండు వైపులా మిగిలాయి. సంకల్పంలో మాత్రం ఒక్క అక్షరం మార్చవలసిన పని పడలేదు. అందులో కొండలున్నాయి, నదులున్నాయి, ద్వీపాలున్నాయి, రాష్ట్రాలు లేవు. ఈ సరిహద్దు జిల్లాలో తెలుగు మాట్లాడుకుంటూ పెరిగిన నాకు ఈ సంగతి ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను.

ఆ పుస్తకం తాతగారితో పాటు ఉద్యోగమంతా తిరిగింది. సంకల్పం ఉన్న పేజీ అంచుల్లో, లెవెల్ బుక్కులో రాసినట్టే సన్నటి పెన్సిల్ అక్షరాలతో, ఏ ఏడు ఎక్కడ చవితి చేసుకున్నారో రాసి ఉంది. మొదటిది ‘మన్మథ, మాచ్‌ఖండ్’. అది 1955. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదువు ముగించుకుని చేరిన కొత్త రోజులు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టిన సంవత్సరం కూడా అదే. ఆంధ్రకూ ఒడిశాకూ ఉమ్మడి కేంద్రం అది. తాతగారికి అది చాలా ఇష్టమైన విషయం. ఆ తరువాత ‘విళంబి, కృష్ణాతీరే’ అని ఉంది. అంటే 1958, నాగార్జునసాగర్. ‘కాళయుక్తి, బాగ్దాద్’ అంటే 1978. ‘క్రోధన, వాంగ్‌చూ తీరే, హిమవత్ పార్శ్వే’ అంటే 1985, భూటాన్‌లో చుఖా జలవిద్యుత్ కేంద్రం కడుతున్న కాలం.

బాగ్దాద్ దగ్గర రాసుకున్నది కాస్త పెద్దది. ‘భరతవర్షే భరతఖండే’ అన్న మాటల చుట్టూ గీత గీసి, పక్కన ‘వదలవలెను’ అని రాశారు. ‘ఈశాన్య’ కొట్టేసి ‘వాయవ్య’ చేశారు. నిజమే, శ్రీశైలం నుంచి చూస్తే ఆ ఊరు వాయవ్యంలోనే ఉంటుంది. టైగ్రిస్ ఒడ్డు మట్టితోనే బొమ్మ చేసుకున్నారట. ఇరవై ఒక్క పత్రాలు అక్కడెక్కడ దొరుకుతాయి? ఉన్న ఆకులతో పూజ చేసి, తక్కినవాటికి అక్షతలు వేశారు.

ఇన్ని చోట్లా, ప్రతి వరుస చివరా ఒకే మాట ఉంది: ‘వసతిగృహే’. క్వార్టర్సు ఎంత బాగున్నా, ఎన్నేళ్లున్నా అది వసతిగృహమే. 1989లో, శుక్ల సంవత్సరంలో, పదవీ విరమణ చేసి ఊరికి వచ్చాక రాసిన వరుసలో మాత్రం ‘స్వగృహే’ అని ఉంది. ఆ అక్షరాలు తక్కినవాటికంటే కాస్త పెద్దవి. పెన్సిల్ గట్టిగా ఒత్తి రాశారు. పేజీ తిప్పితే వెనకవైపు వేలికి తగులుతాయి.

ఆయన ఎక్కడా దిద్దని మాట ఒకటుంది. ‘అస్మాకం సహకుటుంబానాం, క్షేమ స్థైర్య ధైర్య విజయ అభయ ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధ్యర్థం’. బాగ్దాద్‌లో ఒంటరిగా పీట మీద కూర్చుని కూడా ‘మా అందరికీ’ అనే అడిగారు. ఇక్కడ పర్లాకిమిడిలో అదే రోజు మా నాన్న వేరే పుస్తకంలో అదే మాట చదివేవారు, మామ్మ పక్కన కూర్చునేది. ఇక్కడ పూజ ముగిసి ఉండ్రాళ్లు పంచుకునే వేళకు అక్కడ తాతగారు ఆచమనం చేస్తూ ఉండేవారని మామ్మ చెప్పేది. ఇంటికి దూరంగా బతికిన మనిషిని సంసారి అని ఎలా అంటారని ఎవరైనా నన్ను అడిగితే ఈ మాటే చూపిస్తాను.

2012లో ఆయనకు, వెయ్యి పున్నములు చూసినవారికి చేసే సహస్ర చంద్ర దర్శన శాంతి చేశాం. ఎనభై ఏళ్ల ఎనిమిది నెలలని పురోహితులు చెబితే తాతగారు కాగితం తీసుకున్నారు. పున్నమికి పున్నమికి 29.53 రోజులు, వెయ్యింటికి 29,530 రోజులు, అంటే ఎనభై ఏళ్ల పది నెలలు. ఆ లెక్కకు సరిపోయే మంచి రోజే పెట్టించారు. ‘శతమానం భవతి’ అని దీవిస్తుంటే తలవంచి విన్నారు. ఆ దీవెన నిజంగా ఫలించినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు అనేవారు. 1861లో పుట్టి 1962 దాకా ఉన్నారాయన. డెబ్బై ఆరేళ్ల వయసులో, 1937లో, ఒడిశా వరదలకు మందు మహానది మీద జలాశయాలేనని సూచించారు. తాతగారికి ఆయన నిండు నూరేళ్లకంటే, ఆ వయసులో నది దగ్గరకు వెళ్లి ఆలోచించడం గొప్పగా తోచేది.

అయినా నూరేళ్లు ఎంత? సంకల్పం మొదలే ‘ఆద్యబ్రహ్మణః ద్వితీయ పరార్ధే’ అంటుంది. బ్రహ్మకు కూడా నూరేళ్లే, సగం అయిపోయాయి. ఆయన ఒక్క పగలు మనకు 432 కోట్ల సంవత్సరాలు. అంత కాలాన్ని చెప్పుకుంటూ వచ్చి, మన్వంతరం, యుగం, పాదం, సంవత్సరం, మాసం, తిథి అని దించుకుంటూ, చివరికి పీట మీద కూర్చున్న ఒక మనిషి గోత్రం, పేరు దగ్గర ఆగుతుంది. అంత పెద్ద లెక్కలో మన పేరుకు కూడా చోటు ఉంచిన పెద్దలను తలచుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి.

మామ్మ 2017 వేసవిలో వెళ్లిపోయింది. ఏడాది గడిచి, చవితి వచ్చింది. అది 2018, మళ్లీ విళంబి. అరవై ఏళ్ల కిందటి విళంబిలోనే, పెళ్లయిన కొత్తలో, సాగర్ క్వార్టర్సులో తాతగారు మొదటిసారి ‘ధర్మపత్నీసమేతస్య’ అని చదివారు. ఆ మాట దగ్గరకు వచ్చి ఆగారు. పెన్సిల్ ఎప్పటిలాగే పుస్తకం పక్కన ఉంది. మేమెవరం కదలలేదు. ఆ మాట పలకడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు మౌనంగా ఉండి, ‘అస్మాకం సహకుటుంబానాం’ అని అందుకున్నారు. గీత కొట్టలేదు.

2023 మాఘమాసంలో తాతగారు పోయారు. పర్లాకిమిడిలో పూజ నాన్న చేస్తున్నారు. పుస్తకం నాకిచ్చారు. ఉద్యోగం వల్ల నేను రాయగడలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. మరుసటి ఏడు చవితి నాడు పాప అక్షతలు పట్టుకుని పక్కన కూర్చుంది. అంచులో మిగిలిన కొంచెం చోటులో పెన్సిల్‌తో రాసుకుని, అదే చదివాను:

క్రోధి. నాగావళీ తీరే. వసతిగృహే.