ఎడమ అంచు సాఫ్ట్‌గా వస్తోంది: లెన్స్ సర్వీసుకి పంపాలా, వద్దా? నా అనుభవం

నాది రాజమండ్రిలో పెళ్ళిళ్ళు తీసే పని. గ్రూప్ ఫోటోలకీ, మండపం మొత్తం ఫ్రేములో పట్టాల్సిన చోటా నేను వాడేది 16-35 ఎఫ్/2.8 జూమ్ లెన్స్ (16 నుంచి 35 మిల్లీమీటర్ల దాకా, అపర్చర్ 2.8 దాకా తెరుచుకునేది). వారంటీ ఎప్పుడో అయిపోయింది. దాంతో తీస్తే ఫోటోలో ఎడమ అంచు సాఫ్ట్‌గా (మసకగా) వస్తోందని ముందు పట్టుకున్నది మా ఆల్బమ్ డిజైనర్. "అన్నా, ఈ షీట్‌లో కుడి చివర ఆవిడ బుట్టల్లో ముత్యాలు లెక్కపెట్టొచ్చు. ఎడమ చివర ఆయన కళ్ళజోడు ఫ్రేమే తేలట్లేదు. రెండూ ఒకే ఫోటో కదా?" అన్నాడు.

మొబైల్‌లో చూసుకునే ఫోటో అయితే ఇది ఎవరికీ కనపడదు. మేమిచ్చేది 12×36 అంగుళాల కరిజ్మా (పెళ్ళి ఆల్బమ్) షీట్. 24 మెగాపిక్సెల్ కెమెరా అడ్డంగా ఇచ్చేది 6000 పిక్సెల్స్. వాటిని 36 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 166 చొప్పున వస్తాయి. ప్రింటుకి 300 ఉంటే హాయి. అంటే ఉన్నదే తక్కువ, అందులో ఒక పక్క మళ్ళీ లెన్స్ తినేస్తే ఆ మనిషి మొహం అలికినట్టు వస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి వేరే ఉంది. రిసెప్షన్ స్టేజీ మీద పెళ్ళికూతురు పెళ్ళికొడుక్కి ఎడమ పక్కన నిలబడుతుంది, అంటే మనకి కుడివైపు. బంధువులు ఎవరి వైపు వాళ్ళు సర్దుకుంటారు కాబట్టి ఫోటోలో ఎడమ చివర చాలాసార్లు మగపెళ్ళివారే ఉంటారు. ఆ చివరన నిలబడేది సాధారణంగా మొహమాటపడే మనిషి. ఏ పెద్దత్తయ్యో, ఊరి నుంచి వచ్చిన బాబాయో. ఆ పెళ్ళిలో ఆవిడకి దక్కే ఫోటో అదొక్కటే కావచ్చు. ప్రతి పెళ్ళిలోనూ అదే వైపు వాళ్ళకి అన్యాయం జరుగుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

అసలు తప్పు లెన్స్‌దేనా కాదా అన్నది ముందు తేల్చుకోవాలి. గోదావరి గట్టు మీద ట్రైపాడ్ వేశాను. తెల్లవారగానే వెళ్ళాలి. ఎండెక్కితే నీళ్ళ మీద గాలి వణికి, దూరంగా ఉన్నదేదీ నిలకడగా కనపడదు, తప్పు లెన్స్ మీద పడుతుంది. ఆర్చ్ బ్రిడ్జిలో ఒక ఆర్చ్‌ని గుర్తు పెట్టుకుని, దాన్ని ఫ్రేము మధ్యలో ఒకసారి, ఎడమ అంచున ఒకసారి, కుడి అంచున ఒకసారి పెట్టి తీశాను. స్టెబిలైజేషన్ ఆఫ్, రెండు సెకన్ల టైమర్, లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద) పెద్దది చేసి చేత్తో ఫోకస్. అపర్చర్ 2.8, 5.6, 8లో (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) అన్నీ తీశాను. గోడకి ఎదురుగా నిలబడి తీసే టెస్టు కంటే నాకు ఇదే నమ్మకం. గోడ దగ్గర కెమెరా ఒక్క పిసరు పక్కకి తిరిగినా ఒక వైపు సాఫ్ట్‌గానే వస్తుంది.

తర్వాత కెమెరాని తలకిందులుగా బిగించి మళ్ళీ తీశాను. లోపం ఎదురుగా ఉన్న దృశ్యంలో ఉంటే అది ఉన్న చోటే ఉండాలి. లెన్స్‌లోనో బాడీలోనో ఉంటే కెమెరాతో పాటు అటు తిరగాలి. తిరిగింది. అదే లెన్స్‌ని ఇంకో స్టూడియో మిత్రుడి బాడీకి తగిలించి చూస్తే మళ్ళీ ఎడమ పక్కే. దాంతో నా బాడీ మీద అనుమానం పోయింది.

ఇంకొక్క మెట్టు ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. ఎడమ అంచు మీదే ఫోకస్ పెట్టి తీయాలి. అలా పెట్టినప్పుడు ఎడమ బాగా వచ్చి కుడి పాడైతే, లోపల ఏదో గ్లాసు ఒరిగి ఫోకస్ ప్లేన్ (స్పష్టంగా కనపడే పొర) వాలిందన్నమాట. అక్కడే ఫోకస్ పెట్టినా ఎడమ బాగుపడకపోతే గ్లాసు మధ్య నుంచి పక్కకి జరిగి ఉండే అవకాశం ఎక్కువ. నాది మొదటి రకం. 18 నుంచి 24 మిల్లీమీటర్ల దాకా స్పష్టంగా తెలుస్తోంది, 28 దాటాక దాదాపు లేదు. మూలలు నాలుగూ సమానంగా సాఫ్ట్ అయితే మాత్రం సర్వీసు గురించి ఆలోచించే పనే లేదు. అది ఆ లెన్స్ డిజైన్, ఎవరూ బాగుచెయ్యలేరు.

8కి దించితే తేడా చాలావరకు పోతోంది. తెలిసినవాళ్ళందరూ "8లో పెట్టి తీసుకో, అయిపోయె" అన్నారు. పగలు ఆరుబయట అది సరైన సలహానే. రాత్రి ముహూర్తానికి కల్యాణమండపంలో కాదు. 2.8 నుంచి 8కి వెళ్తే వెలుగు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 800 ఉన్న చోట 6400 పెట్టాలి, లేదా ఫ్లాష్‌ని అంత గట్టిగా కొట్టాలి. ఫ్లాష్ మళ్ళీ చార్జ్ అయ్యేలోపు జీలకర్ర బెల్లం అయిపోతుంది. గ్రూపులు ఎలాగూ 5.6లో తీస్తాను, అక్కడ కూడా ఎడమ పక్క తెలుస్తూనే ఉంది.

అమ్మేసి ఇంకొకటి కొందామనీ అనుకున్నాను. లోపం చెప్పి అమ్మితే సగం ధర కూడా రాదు. చెప్పకుండా అమ్మితే ఇంకో ఫోటోగ్రాఫర్ మీదికి, ఆయన తీసే ఇంకో ఇంటి పెద్దత్తయ్య మీదికి తోసేసినట్టే. ఆ ఆలోచన అక్కడితో ఆపేశాను.

పని మీద హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠిలో ఒక పాత మెకానిక్‌కి చూపించాను. టార్చ్ వేసి లోపలికి చూసి, జూమ్ రింగు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాడు. "ఫంగస్ అయితే ఇక్కడే కూర్చోబెట్టి తీసిచ్చేవాణ్ణి సార్. అపర్చర్ కేబుల్ పోయినా మారుస్తా. ఇది సెంటరింగ్, లోపల గ్లాసు కుదురు తప్పింది. విప్పడం నాకొచ్చు, మళ్ళీ కూర్చోబెట్టాక సరిగ్గా ఉందో లేదో చూసే మెషీన్ నా దగ్గర లేదు. నేను ముట్టుకుంటే రేపు కంపెనీ సర్వీస్ సెంటర్‌వాళ్ళు ఇది ఎవరో విప్పారని తీసుకోరు" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. ఎంత చెయ్యగలడో తెలిసిన పనివాడు, నాకు దారి చూపించింది ఆయనే.

సర్వీస్ సెంటర్ ఫోన్లో చెప్పిన అంచనా, 18 శాతం జీఎస్టీతో కలిపి, నా లెన్స్ పాత ధరలో పావు వంతు దగ్గరికొచ్చింది. విడిభాగం అవసరమైతే ఇంకా పైన. భయపడింది ఖర్చుకి కాదు. జూమ్ లెన్స్‌లో గ్లాసులు గుంపులు గుంపులుగా ఉంటాయి, జూమ్ తిప్పితే ఆ గుంపులు ముందుకీ వెనక్కీ కదులుతాయి. 16 దగ్గర సర్దితే 35 దగ్గర చెడవచ్చు. పంపినదాని కంటే అధ్వాన్నంగా తిరిగొచ్చిన లెన్సులు నాకు తెలుసు. అందుకే ఒక ప్రశ్న వేసుకున్నాను: ఈ లెన్స్‌తో నేను డబ్బు తీసుకునే ఫోటో ఏది? గ్రూపు. గ్రూపు ఎక్కడ తీస్తాను? 20 నుంచి 24 మధ్య. లోపం సరిగ్గా అక్కడే ఉంది. 35 చివర కొంచెం పోయినా నాకు నష్టం లేదు. దాంతో పంపాలని తేలిపోయింది.

ఎప్పుడు పంపాలన్నది ఆషాఢమే చెప్పింది. ముహూర్తాలు ఉండవు, నెల రోజులు లెన్స్ లేకపోయినా పని ఆగదు. పెట్టెలో లెన్స్‌తో పాటు ఒక కాగితం పెట్టాను: ఏ ఫోకల్ లెంగ్త్‌లో, ఏ అపర్చర్‌లో, ఏ వైపు. గట్టు మీద తీసిన ఫోటోలు, ఎడమ, కుడి ముక్కలు పక్కపక్కన పెట్టి, పెన్‌డ్రైవ్‌లో వేశాను. "సాఫ్ట్‌గా వస్తోంది" అని మాత్రం రాసి పంపితే ఆటోఫోకస్ సరిచూసి తిప్పి పంపేస్తారు.

అంతా పంపినా మొదటి జవాబు "లెన్స్ పరిమితుల్లోనే ఉంది" అనే వచ్చింది. నేను గొడవపడలేదు. టెక్నీషియన్‌తో మాట్లాడించమని అడిగి, 20 దగ్గర 5.6లో తీసిన రెండు ముక్కలు తెరిచి చూడమన్నాను. ఆయన చూసి, "ఇది టెస్టులో మేము 16, 35 దగ్గర మాత్రమే చూశాం సార్, మధ్యలో చూడలేదు" అని ఒప్పుకుని మళ్ళీ తీసుకున్నాడు. కాగితం, ఫోటోలు లేకపోతే ఆ మాట వచ్చేది కాదు.

తిరిగొచ్చిన రోజే గట్టు మీదికెళ్ళి అవే ఫ్రేములు తీశాను. 20, 24 దగ్గర ఎడమ, కుడి ఇప్పుడు ఒక్కలా ఉన్నాయి. ఆర్చ్ నుంచి దిగే తీగలు రెండు అంచుల్లోనూ విడివిడిగా కనపడుతున్నాయి. 35 దగ్గర కుడి పై మూల 2.8లో ముందుకంటే ఒకింత తగ్గింది, 4కి వచ్చేసరికి కలిసిపోతోంది. అది నేను ముందే ఒప్పుకున్న బేరం. శ్రావణం పెళ్ళిళ్ళన్నీ దానితోనే తీశాను.

ఈమధ్య కాకినాడ మిత్రుడొకాయన తన 85 ప్రైమ్ లెన్స్‌కి (జూమ్ లేనిది) కుడి అంచు ఇలాగే ఉందని, పంపమంటావా అని అడిగాడు. ఆయన దాంతో తీసేవి పెళ్ళికూతురి పోర్ట్రెయిట్లు, అంచుల్లో ఉండేది బ్లర్ అయిన పూలదండలే. వద్దన్నాను.