తెల్లన్నం తిని చిక్కిపోయిన మా బాతు

శ్రావణమాసంలో ఒకనాడు మా ఆయన వారపు సంత నుంచి రెండు బాతుపిల్లలను గుడ్డసంచిలో వేసుకొని తెచ్చి, ఒకదాన్ని మాకు ఉంచి, రెండోదాన్ని ఎదురింటి పిన్నిగారికి ఇచ్చారు. మాది నరసన్నపేటకు దగ్గరలో, వంశధార కాలువ నీటితో వరి పండే పల్లె. పెరటి వెనుక చెరువుంది గాని దాని గట్టు మీద కుక్కలు కాపురముంటాయి. ఆ భయంతో మా పిల్లను పెరట్లోనే దడి కట్టి పెంచాము. పిన్నిగారు మాత్రం నెల దాటగానే "దాని బతుకు అది బతుకుతాది" అని తన పిల్లను చెరువులోకి తోలేశారు. మా దానికి రెండు పూటలా సన్నబియ్యపు మెత్తని అన్నం, సాయంకాలం మా అమ్మాయి చేతి మరమరాలు. ఊళ్ళో మనుషులకే ఇంత వైభోగం లేదని మా అత్తగారు దెప్పేవారు.

అక్టోబరు వానలు పట్టే సమయానికి ఆ వైభోగం ఎలాంటిదో బయటపడింది. బాతు నాలుగడుగులు వేసి కూలబడేది. లేచినా పాదాల మీద నిలవలేక, వెనుక కీళ్ళ మీద ఆనుకొని దేకేది. కాళ్ళు విల్లులా వంగాయి. రెట్ట ఆకుపచ్చగా, నీళ్ళలా పడేది. గిన్నె దగ్గరకు వెళ్ళి ముక్కు పెట్టి, రెండు మెతుకులు తీసుకొని, తల విదిలించి వెనక్కు వచ్చేది. ఒళ్ళంతా ఈకలే గనుక చిక్కిన సంగతి కంటికి తెలియలేదు. చేతిలోకి తీసుకొని రొమ్ము మీద వేలు పెడితే నడిమి ఎముక కత్తిపీట అంచులా తగిలింది. వంటింటి కాటా మీద బుట్టతో సహా తూచి, బుట్ట బరువు తీసివేస్తే 540 గ్రాములు తేలింది. ఒకే సంచిలో వచ్చిన పిన్నిగారి బాతు అదే కాటా మీద కిలో దాటి మరో 100 గ్రాములు తూగింది. ఆవిడ మా బాతును అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి టీచరమ్మా, తిండెట్టి తిండెట్టి ఎండగట్టేసినారు?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

తరువాత రెండు రోజులు మేము చేసినవన్నీ తప్పులే. నీరసం తగ్గుతుందని మా ఆయన బెల్లం నీళ్ళను సిరంజితో దాని నోట్లో పోశారు. అది పొలమారి, మెడ సాచి, నోరు తెరిచి గాలి కోసం పెనుగులాడింది. పక్షికి శ్వాసనాళపు ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుందని, నోట్లో పోసిన ద్రవం తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోగలదని జీవశాస్త్రం చెప్పే నాకే ఆ క్షణంలో తోచలేదు. ఒళ్ళు కాలుతోందని జ్వరం మాత్ర కోసం కూడా వెతికాను. పక్షుల ఒంటి వేడి సహజంగానే మనకన్నా ఎక్కువని, బాతుకు 106, 107 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలేనని తరువాత తెలిసి సిగ్గుపడ్డాను. దగ్గరి పశువుల ఆసుపత్రికి తీసుకువెళితే అక్కడి ఉద్యోగి ఒకాయన "బాతుకి వైద్యమేటండీ, దసరా దగ్గిరికొచ్చింది కదా" అని నవ్వాడు. మా అమ్మాయి వింటోందని ఊరుకున్నాను.

మర్నాడు బస్సులో శ్రీకాకుళం తీసుకువెళ్ళి, కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే ఒక వైద్యురాలికి చూపించాను. ఆవిడ మందు రాయకముందు అడిగినవన్నీ తిండి గురించిన ప్రశ్నలే: ఏం పెడుతున్నారు, ఎందులో పెడుతున్నారు, పక్కన పెట్టే నీళ్ళు ఎంత లోతు? నీళ్ళ లోతు గురించి నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. మేము పెట్టేది స్టీలు డబ్బా మూతలో.

బాతు కోడిలా గింజ పొడుచుకు తినే పక్షి కాదని ఆవిడ వివరించారు. అది మేతను నోట్లోకి తీసుకొని, వెంటనే నీళ్ళు పుచ్చుకొని, ముక్కు అంచుల్లో దువ్వెన పళ్ళలా ఉండే వరుసల గుండా ఆ నీటిని బయటకు తోసి, మేతను మింగుతుంది. ముక్కు రంధ్రాలు మునిగేటంత లోతు నీరు లేకపోతే వాటిని కడుక్కోవడం కూడా దానికి సాధ్యం కాదు. దీపం దగ్గర చూపించినప్పుడు గాని నేను గమనించలేదు: అన్నపు జిగురు, మరమరాల పొడి కలిసి రెండు రంధ్రాలలోనూ గంజిలా ఎండి గడ్డకట్టాయి. ఆకలి లేక కాదు, ఊపిరాడక అది తల విదిలించి వెనక్కు వచ్చేది.

కాళ్ళ వంకరకు కారణం వేరు. బి విటమిన్లలో ఒకటైన నయాసిన్ బాతుపిల్లకు కిలో మేతలో 55 మిల్లీగ్రాముల లెక్కన కావాలి. గుడ్ల జాతి కోడిపిల్లకు అందులో సగంతో సరిపోతుంది. మాంసకృత్తుల్లోని ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ తయారు చేసుకొనే శక్తి కూడా బాతుకు తక్కువ. బియ్యాన్ని తెల్లగా మరపట్టేటప్పుడు ఆ విటమిన్‌లో చాలా భాగం తవుడుతో పోతుంది. చెరువులో నత్తలు, పురుగులు, నాచు తిన్న పిన్నిగారి బాతుకు ఈ కొరత రాలేదు. మనుషుల్లో నయాసిన్ లోపం వల్ల వచ్చే పెల్లాగ్రాను, జొన్నే ప్రధానాహారమైన పేదల్లో కనిపించిన ఆ జబ్బు మీద హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం చేసిన పరిశోధనను ఏటా పిల్లలకు చెప్పే నేను, నా పెరట్లో దాని బంధువును చూస్తూ గుర్తుపట్టలేకపోయాను.

బి కాంప్లెక్స్ సిరప్ రాసి ఇచ్చి, దాన్ని నోట్లో పోయవద్దని, మేతలో కలపమని ఆవిడ చెప్పారు. ఇంటికి వచ్చి, గోరువెచ్చని ఉప్పునీటిలో తడిపిన దూదితో ముక్కు రంధ్రాలను పావుగంట సేపు నానబెట్టాక గడ్డలు ఊడివచ్చాయి. ఒక లోతైన బేసిన్‌లో నీళ్ళు పోసి దాని ముందు పెట్టాము. అది చాలాసేపు నీటి వంక ఒక కన్నుతోనే చూసింది. తరువాత కళ్ళ దాకా తల ముంచింది. బుడబుడమని బుడగలు వచ్చాయి. తల ఎత్తి, నీళ్ళు మెడ మీదుగా వీపు మీదికి జారవిడిచి, మళ్ళీ ముంచింది. అలా పదకొండు సార్లు. మా అమ్మాయి లెక్కపెట్టింది.

కోడిపిల్లల స్టార్టర్ మేతలో మందు కలపని రకాన్ని నరసన్నపేటలో అడిగి కొన్నాము. దాన్ని అప్పుడే ఆడిన తవుడుతో కలిపి, గంజి కన్నా కొంచెం చిక్కగా నీళ్ళతో జారుగా చేసి, సిరప్ చుక్కలు వేసి, మొదటి మూడు రోజులు రెండు గంటలకొకసారి రెండేసి చెంచాలు మాత్రమే పెట్టాము. పస్తున్న కడుపులో ఒక్కసారిగా కూరితే ప్రాణానికే ముప్పట. నాలుగో రోజు నుంచి ఉడికిన కోడిగుడ్డు చిదిమి కలిపాను. మా మామగారు బలానికి వేరుశనగ చెక్క నానబెట్టి పెడదామన్నారు. ఫోను చేసి అడిగితే వైద్యురాలు గట్టిగా వద్దన్నారు. వానాకాలంలో చెక్కకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ పుడుతుంది, ఆ విషానికి బాతుపిల్లలంత తొందరగా లొంగే జీవులు తక్కువ. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలోని బూజు విషమే కారణమని తేలింది. బాతుపిల్లలు కూడా ఆ మేతకే బలయ్యాయి. మా కొట్టంలోని చెక్కను వాసన చూసి మామగారే మళ్ళీ మూట కట్టేశారు.

వారానికి 610 గ్రాములు తూగింది. రెట్ట గట్టిపడింది. తొమ్మిదో రోజున అది పాదాల మీద నిలబడి, రెక్కలు ఒకసారి విదిలించి, వెంటనే కూర్చుంది. మర్నాడు బేసిన్ చుట్టూ తిరిగింది. నవంబరు మొదట్లో రెండు రోజులు మేము పెళ్ళికని రాజాం వెళితే, అత్తగారు మనసు ఒప్పక మళ్ళీ అన్నం కలిపి పెట్టారు, అది ముట్టలేదు. ఆవిడకు కోపం వచ్చింది గాని నాకు ఊరట కలిగింది.

నవంబరు నెలాఖరుకు 980 గ్రాములు. అన్నాళ్ళూ గొంతు పెగలని బాతు ఒక తెల్లవారుజామున పెరడంతా దద్దరిల్లేలా అరిచింది. గొంతు విని పిన్నిగారు గోడ మీంచి "ఆడదే!" అని కేకేశారు; మగబాతుకు అంత గొంతు ఉండదు. కుడికాలు ఇప్పటికీ కొంచెం లోపలికి తిరిగే ఉంది, అది ఇక సరికాదని వైద్యురాలు చెప్పారు. సాయంకాలాలు దాన్ని పిన్నిగారి బాతుతో పాటు చెరువులోకి దింపుతున్నాము. కర్ర పట్టుకొని గట్టు మీద కుక్కలను కాసే పని నాది.