లాస్ ఏంజెలెస్ పిల్లలకు రెండు ఆకాశాలు

లాస్ ఏంజెలెస్‌లో పిల్లల్ని పెంచే తెలుగువాళ్లకు, కొండ మీద ఉన్న ఖగోళ పరిశీలనశాల గ్రిఫిత్ అబ్జర్వేటరీ పెద్ద వరం. 1935లో తెరిచారు. లోపలికి ప్రవేశం ఉచితమే, ప్లానెటేరియం షోకి మాత్రం టికెట్ కొనాలి. ఐదేళ్లలోపు పిల్లల్ని ఆ రోజు మొదటి షోకే రానిస్తారు. సోమవారం సెలవు. శని, ఆదివారాల సాయంత్రాలు కొండ మీద కారు పెట్టడం కష్టం. వర్మాంట్/సన్‌సెట్ మెట్రో స్టేషన్ నుంచి డాష్ అనే సిటీ బస్సులో వెళ్లడం మేలు.

షో నడుస్తుండగా చెవిలో తెలుగులో చెప్పబోతే పిల్లలకు అదీ వినపడదు, ఇదీ వినపడదు. ముందురోజే ఇంట్లో చెప్పండి. ఇరవై ఏడు నక్షత్రాలూ వల్లె వేయించొద్దు, నాలుగు చాలు: ఆర్ద్ర అంటే బెటెల్‌జూస్, రోహిణి ఆల్డెబరాన్, చిత్త స్పైకా, కృత్తికలు ప్లీయడీస్. జన్మనక్షత్రం సంగతి అడుగుతారు, తప్పదు. పుట్టినప్పుడు చంద్రుడు ఏ చుక్కల దిక్కున ఉన్నాడో చెప్పే గుర్తు అది, ఖగోళశాస్త్రం అంతవరకే. జాతకం వేరని దాచకుండా చెప్పాలి.

పెళ్లిలో చూపించే అరుంధతి సప్తర్షుల తోకలో, వశిష్ఠుణ్ని అంటిపెట్టుకుని ఉంటుంది. నగరం వెలుతురులో కంటికి ఆనకపోతే 7×50 (ఏడు రెట్లు పెద్దగా చూపే, 50 మి.మీ. కటకాల) బైనాక్యులర్ చాలు. వసంతంలో, వేసవిలో రాత్రి తొలిజాముల్లో బాగా ఎత్తున ఉంటుంది. చూసేముందు ఇరవై నిమిషాలైనా ఫోన్ తెర చూడకూడదు, లేకపోతే కళ్లు చీకటికి అలవాటుపడవు.

అన్నిటికన్నా ముఖ్యం ధ్రువుడి ఎత్తు కొలవడం. చేయి చాచి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు. పిల్లల పిడికిలి చిన్నదైనా చేయీ పొట్టిదే కాబట్టి లెక్క పెద్దగా తప్పదు. లాస్ ఏంజెలెస్‌లో ధ్రువుడు 34 డిగ్రీల ఎత్తున, అంటే మూడున్నర పిడికిళ్లు. హైదరాబాద్‌లో 17 డిగ్రీలే, రెండు పిడికిళ్లు కూడా ఉండడు. మనం నిలబడ్డ అక్షాంశమే ఆ ఎత్తు. భూమి గుండ్రమని పిల్లలు తమ చేత్తో తామే తేల్చుకునే కొలత ఇది.

దక్షిణ దిక్కున ఈ లెక్క తిరగబడుతుంది. అగస్త్య నక్షత్రం, అంటే కనోపస్, లాస్ ఏంజెలెస్‌లో సుమారు 3 డిగ్రీలకు మించి లేవదు. షికాగో, న్యూయార్క్‌లలో అసలు ఉదయించదు. హైదరాబాద్‌లో 20 డిగ్రీలు ఎక్కుతుంది. డిసెంబర్ సెలవుల్లో ఊరెళ్తే, నెలాఖరున అర్ధరాత్రి వేళ దక్షిణం వైపు అపార్ట్‌మెంట్లు అడ్డులేని డాబా ఎక్కండి. రాత్రి ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశంగా వెలిగే చుక్క సిరియస్‌ను పట్టుకుని, కిందికి, కాస్త కుడివైపుగా మూడున్నర పిడికిళ్లు కొలవండి, అక్కడే అగస్త్యుడు.