పరంధామయ్య మాస్టారు కళ్ళు వద్దన్నారు

నా కామిక్‌లో ముఖ్యపాత్ర పరంధామయ్య మాస్టారు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి, చంకలో మడిచిన గొడుగుతో ఉంటారు. ఆయన్ను పుట్టించింది నేనే అయినా ఇప్పటిదాకా ‘నువ్వు’ అనలేకపోయాను. మొదటి రఫ్‌లో గుండ్రటి తల, రెండు గీతల మెడ మాత్రమే ఉన్నప్పుడు ‘వీడు’ అనే అనుకున్నాను. నెరిసిన మీసం, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు వచ్చి చేరాక ‘వీడు’ కాస్తా ‘ఈయన’ అయిపోయారు. ఆయన మాత్రం మొదటి నుంచీ నన్ను ‘అమ్మాయ్’ అనే పిలుస్తున్నారు.

అవును, మేమిద్దరం మాట్లాడుకుంటాం. కాగితం మీదే. ఈ మాట చెబితే కొందరు అదేదో పూనకం అనుకుని కళ్ళు పెద్దవి చేస్తారు. మరికొందరు ‘రెండు వైపులా నువ్వే కదా’ అని నవ్వుతారు. నవ్వేవాళ్ళదే నిజం, రెండు వైపులా నేనే. కాకపోతే ఒక వైపు నేను నోటితో మాట్లాడతాను, ఇంకో వైపు చేత్తో. నోటికి తెలియని సంగతులు చేతికి చాలా తెలుసు.

పద్ధతి చెబుతాను. లేత నీలం పెన్సిలుతో రెండు గడులు గీస్తాను. ఎడమ గడిలో నేను, అంటే పెన్సిలు పట్టుకున్న ఒక చెయ్యి, మణికట్టు దాకా. నా ముఖం గీయను. గీస్తే దానికీ ఒక స్వభావం వచ్చి మూడో మనిషి తయారవుతుంది. నా ప్రశ్నను బెలూన్‌లో, అంటే పాత్ర మాటలు రాసే బుడగలో, రాస్తాను. కుడి గడిలో మాస్టారిని గీసి, ఆయన బెలూన్‌ను ఖాళీగా వదిలేస్తాను. కిటుకంతా ఇక్కడే ఉంది. మాటలు ముందు రాసుకుని తర్వాత ముఖం గీస్తే ఆ మాటలు నావే, ఆయన పెదవులు అరువు ఇచ్చారంతే. అదే మనిషిని ముందు గీస్తే, కనుబొమ ఎంత లేచింది, గొడుగు ఏ చంకలో ఉంది, పాదాలు నా వైపు తిరిగాయా గుమ్మం వైపా అన్నవన్నీ తేలిపోతాయి. అప్పుడు ఖాళీ బెలూన్ వంక చూస్తే, ఆ నిలబడిన తీరుకు నప్పే మాటలు ఒకటో రెండో మిగులుతాయి. నేను అనుకుని కూర్చున్న మాట సాధారణంగా వాటిలో ఉండదు.

మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి కామిక్‌లో ఎడమ పక్కన నిలబడ్డవారే ముందు మాట్లాడాలి. లేకపోతే బెలూన్ల తోకలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. కొన్నిసార్లు చెయ్యి తనంతట తానే మాస్టారిని ఎడమ గడిలో గీసేస్తుంది. ఆ రోజు నాకు చీవాట్లు ఖాయం.

నీలం పెన్సిలు ఎందుకంటే, పాత ముద్రణ ఫిల్ముకు లేత నీలం కనిపించేది కాదు. చిత్రకారులు నీలంలో గీసుకుని, పైన నల్ల సిరా వేసి, చెరపకుండానే ప్రెస్సుకు పంపేవారు. ఇప్పుడు స్కాన్ చేశాక ఆ రంగును కంప్యూటర్‌లో తీసేయవచ్చు. అందుకే నా అసలు పేజీల్లో అచ్చయిన కథ కింద మా తగవులన్నీ అలాగే ఉంటాయి.

విన్సర్ మెకే అనే అమెరికన్ కామిక్ చిత్రకారుడు 1914లో ఇలా తన బొమ్మతో మాట్లాడే పనిని ఏకంగా వేదిక మీదే చేశాడు. వేలకొద్దీ బొమ్మలతో గెర్టీ అనే డైనోసార్‌ను ఫిల్ముకెక్కించి, తెర పక్కన కొరడాతో నిలబడి దానికి ఆజ్ఞలిచ్చేవాడు. అది కొన్ని వినేది, కొన్ని వినేది కాదు. కసిరితే ఏడ్చేది. చివర్లో ఆయన తెర వెనక్కి తప్పుకోగానే బొమ్మ మెకే తెర మీద ప్రత్యక్షమయ్యేవాడు, గెర్టీ అతణ్ణి వీపున ఎక్కించుకుని వెళ్ళిపోయేది. చూసేవాళ్ళ లెక్కలో యజమాని మెకే. కానీ ఫిల్ము ఎవరి కోసమూ ఆగదు. గెర్టీ ఎప్పుడు తల ఊపాలో, ఎప్పుడు మొండికేయాలో ముందే గీసి ఉంది. సమయానికి మాట అందించాల్సింది మెకేనే. కొరడా ఆయనది, తాళం గెర్టీది. ఆ సంగతి తెలిశాక మాస్టారి ముందు నాకు కాస్త సిగ్గు తగ్గింది.

ఇక కళ్ళ సంగతి. మాస్టారికి కళ్ళు లేవు. కళ్ళజోడు ఉంది, అద్దాల వెనక తెల్లటి ఖాళీ ఉంది. కామిక్స్‌లో ఇది పాత పద్ధతే. చూపు కనిపించదు కాబట్టి ఆయన ఏమనుకుంటున్నారో చదివేవాళ్ళే పూరించుకుంటారు. నవ్వించే పేజీల్లో అది బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత ఒక కథలో ఆయన చిన్ననాటి స్నేహితుడు పోతాడు. ఆ స్నేహితుడు పోయే ముందు రాసిన ఉత్తరం ఆలస్యంగా చేరుతుంది. మాస్టారు దాన్ని చదవడమే ఒక పేజీ. కళ్ళజోడు తీయించి, పెద్ద గడిలో తడికళ్ళు గీస్తే చదివేవాళ్ళ గుండె పిండవచ్చని నా ఆశ.

“మాస్టారూ, ఈ ఒక్క పేజీకి మీకు కళ్ళు గీస్తాను.”

కుడి గడిలో ఆయన్ను గీశాను. చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది, తీయడానికి కాదు, ఇంకాస్త పైకి తోసుకోవడానికి.

“ఎందుకమ్మాయ్?”

“మీరు ఏడవాలి.”

“ఏడుస్తానని నీకెవరు చెప్పారు?”

“మీ స్నేహితుడు పోయారు కదా!”

“పోయాడు. నువ్వే పంపేశావు. ఉత్తరం ఎన్ని పంక్తులు?”

“ఇంకా రాయలేదండీ.”

“నేను చదవాల్సింది రాయకుండానే నా కన్నీళ్ళు గీస్తావా?”

మర్నాడు ఉత్తరం రాసి, మళ్ళీ కళ్ళ మీదే పడ్డాను. చుక్కలు పెట్టాను, బాదం ఆకారం పెట్టాను, రెప్పలు వాల్చి చూశాను. ఎలా గీసినా ఎవరో కొత్త మనిషి మాస్టారి చొక్కా తొడుక్కుని నిలబడ్డట్టే ఉంది. ఆ మనిషి బెలూన్ ఖాళీగానే ఉండిపోయింది. నేను ఏం రాసినా అతికించినట్టుంది. చివరకు అద్దాలు మళ్ళీ తెల్లగా చేశాను.

“మరి ఈ పేజీ ఎలా మాస్టారూ?”

“ఉన్నవాటితో చెయ్యి. నాకు ఒక వేలుంది, ఒక గొడుగుంది.”

ఆ పేజీ అలాగే తేలింది. సమానమైన ఆరు గడులు. ఆయన ఉత్తరాన్ని చదవరు, పంక్తులు లెక్కపెడతారు. వేలు ఒక్కో పంక్తి మీదుగా కిందికి దిగి, సంతకం దగ్గర ఆగి, మళ్ళీ పైకి వస్తుంది. నాలుగో గడికల్లా గొడుగు నేల మీద ఉంటుంది. అంతకుముందు ఏ కథలోనూ అది ఆయన చంక దిగలేదు. బెలూన్ ఒక్కటే, ఆఖరి గడిలో: “పదకొండు.” లెక్కల మనిషి దుఃఖం అలా ఉంటుందని నాకు ముందు తెలిస్తే కళ్ళ జోలికే పోయేదాన్ని కాదు.

పాత్ర మీద మరీ జాలిపడినా ప్రమాదమే. చార్ల్స్ షుల్జ్ అనే అమెరికన్ చిత్రకారుడు 1950 నుంచి 2000 దాకా సహాయకుల్ని పెట్టుకోకుండా ‘పీనట్స్’ అనే పత్రికల కామిక్ స్ట్రిప్ గీశాడు. అందులో లూసీ అనే పిల్ల పట్టుకుని చివరి క్షణంలో లాగేసే బంతిని చార్లీ బ్రౌన్ అనే పిల్లవాడు ఒక్కసారి కూడా తన్నలేకపోయాడు. పాపం అని ఎప్పుడో ఒకనాడు తన్నించి ఉంటే పిల్లవాడికి బంతి దక్కేది, మనకు ఆ పిల్లవాడు దక్కేవాడు కాదు.

చిన్నాచితకా తగాదాలకు లెక్కలేదు. తెలుగు లెటరింగ్‌లో, అంటే బెలూన్లలో అక్షరాలు రాసేటప్పుడు, పైన గుడులు, కింద ఒత్తులు ఒకదానికొకటి తగలకుండా పంక్తుల మధ్య చోటు వదలాలి. మాస్టారేమో ఏదైనా మొదటి మెట్టు నుంచి వివరిస్తారు. బెలూన్ ఉబ్బి ఆయన తలనే కప్పేస్తుంది. కుదించమంటే “ఏ మెట్టు ఎగ్గొట్టాలో నువ్వే చెప్పు” అంటారు. చివరకు గడి పెద్దది చేసేది నేనే.

విసుగెత్తినప్పుడు బెదిరిస్తాను కూడా. 1918లో మొదలైన మాక్స్ ఫ్లీషర్ కార్టూన్ చిత్రాల్లో కోకో అనే విదూషకుడు సిరాబుడ్డిలోంచి వచ్చి, గీసినవాణ్ణి ముప్పుతిప్పలు పెట్టి, చివరకు సిరాబుడ్డిలోకే చేరేవాడు. ఆ ముగింపు నాకు నచ్చదు. ఎంత తగవైనా గెలుపు మాత్రం గీసేవాడిదే కావడం అన్యాయం. అయినా ఒకసారి ఉండబట్టలేక తప్పులు దిద్దే తెల్లసిరా సీసా ఆయన ముందు గీశాను, ‘చెరిపేస్తా’ అన్నట్టు.

“మంచిది. మీసానికి ఇంకో పూత వెయ్యి, నలుపు కనిపిస్తోంది.”

ఇప్పుడు కథలోకి పక్కింటి పిల్లను తేవాలని చూస్తున్నాను. పదేళ్ళుంటాయి, గలగలా మాట్లాడుతుంది. ఆ పిల్ల బెలూన్‌లో ఏ మాట రాసినా ఇట్టే సరిపోతోంది. నాకు అనుమానంగా ఉన్నది అదే. మాస్టారిని ఎప్పటిలా కుడి గడిలో నిలబెట్టి అడిగాను.

“ఈ పిల్ల మీలా అడ్డం చెప్పదు మాస్టారూ. పని ఎంత హాయిగా సాగుతోందో!”

“అడ్డం చెప్పాలంటే ముందు ఆ పిల్లంటూ ఉండాలి కదమ్మాయ్. మూడు బొమ్మలు గీశావు, మూడు ముక్కులు పెట్టావు.”

“ఏ ముక్కు ఉంచమంటారు?”

“నన్నెందుకు అడుగుతావు? నన్నిక్కడి నుంచి పంపించి, ఈ గడిలో ఆ పిల్లను నిలబెట్టి అడుగు. బెలూన్ మాత్రం ముందే నింపెయ్యకు.”